పెద్ద కారవాన్ నుంచి చిన్న క్యాంపర్‌కు: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కారు వెనక తగిలించి లాగే కారవాన్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. వాటిని అమ్మేసి చిన్న క్యాంపర్‌కు మారదామా అనుకునేవాళ్ళ సందేహాలు మాత్రం ఎప్పుడూ అవే. ఫోన్‌లో ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. షూటింగుల్లో కనిపించే, ఇంజనున్న కారవాన్ బస్సులు వేరే సంగతి. ఇదంతా ఇంజను లేకుండా కారు కొక్కేనికి తగిలించే వాటి (ట్రైలర్ల) గురించే. మొదటి నుంచి చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మారాలా, వద్దా

మా పెద్ద కారవాన్ బాగానే ఉంది. అయినా చిన్నదానికి మారమంటారా?

ఊరికే మారొద్దు. అది ఏడాదిలో ఎన్నిసార్లు గేటు దాటుతోందో చూసుకోండి. రొయ్యల చెరువు గట్టు మీదో తోటలోనో నిలబెట్టి గదిలా వాడుకుంటున్నారా, అయితే పెద్దదే మేలు, ఉంచేసుకోండి. అలా కాకుండా తిరగడానికని కొని, కట్టడానికి ఇద్దరు మనుషులు, తిప్పడానికి ఎకరం స్థలం, పల్లెల్లో కరెంటు తీగలు తగులుతాయేమోనని ముందు ఒకరు దిగి నడవడం, ఇంత తతంగం ఎందుకులే అని చివరికి కారులోనే వెళ్ళి లాడ్జిలో దిగుతుంటే మాత్రం చిన్నదాని గురించి ఆలోచించాలి. మన వైపు చూడదగ్గ చోట్లు హైవే పక్కన లేవు. ఉదయగిరి కోట కిందికి వెళ్ళినా, సోమశిల జలాశయం దగ్గరికి వెళ్ళినా, కొత్తపట్నం తీరానికి వెళ్ళినా ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే ఒకరు మట్టిలోకి దిగాల్సిన చోట్లు తగులుతూనే ఉంటాయి. రెండుంపావు మీటర్ల వెడల్పున్న బండితో అలా దిగడం వేరు, కారంత వెడల్పే ఉన్నదానితో దిగడం వేరు.

చిన్న క్యాంపర్ అంటే ఎంత చిన్నది? ఏ రకాలున్నాయి?

ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి టియర్‌డ్రాప్. లోపల ఇద్దరు పడుకునే పరుపు తప్ప ఏమీ ఉండదు, వెనక తలుపు పైకెత్తితే వంట గట్టు. 1930ల్లో అమెరికాలో జనం ఇంటి షెడ్లలో సొంతంగా చేసుకోవడంతో ఈ రకం పుట్టింది. బరువు సుమారు 300 నుంచి 700 కిలోల లోపు. రెండోది పాప్-టాప్. ప్రయాణంలో పైకప్పు కిందికి దిగి ఉంటుంది, ఆగాక పైకి లేపితే లోపల నిటారుగా నిలబడొచ్చు. మూడోది మడత డేరా ట్రైలర్. అన్నిటికన్నా విశాలం, కాకపోతే విప్పాలి, మళ్ళీ మడవాలి. తడి మీద మడిచి మర్నాడు ఆరబెట్టడం మర్చిపోతే మన తేమకు బూజు పట్టడం ఖాయం. సముద్రం పక్కన ఉండేవాళ్ళకు నేను చెప్పేది పాప్-టాప్. కప్పు దించేస్తే గాలికి అడ్డు తగ్గుతుంది, ఎత్తితే నడుము వంచకుండా చీర కట్టుకోవచ్చు.

ఇంట్లో నలుగురం. పడతామా?

పిల్లలు పదేళ్ళ లోపు వాళ్ళయితే పాప్-టాప్‌లో సర్దుకోవచ్చు. కాళ్ళు చాపే వయసొస్తే ఇద్దరు లోపల, ఇద్దరు పక్కన వేసిన డేరాలో. ఎనిమిది మంది పడుకునే చిన్న క్యాంపర్ అని ఎవరైనా అమ్మజూపితే, పగలు ఆ ఎనిమిది మంది ఎక్కడ కూర్చుంటారో అడగండి.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమెను తీసుకెళ్ళడం కుదురుతుందా?

కొనే ముందు ఆమెనే వెంటబెట్టుకుని వెళ్ళి చూపించండి. టియర్‌డ్రాప్‌లోకి ఎక్కడమంటే పక్కకు తిరిగి పాకుతూ వెళ్ళడమే, మోకాళ్ళు సహకరించవు. చూడాల్సినవి మూడు: మొదటి మెట్టు నేల నుంచి ఎంత ఎత్తుంది, తలుపు పక్కన పట్టుకోవడానికి గట్టి కడ్డీ ఉందా, మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతున్నాయా. మంచానికి ఒక వైపే దారి ఉంటే రాత్రి లేవాల్సిన మనిషి ఆ వైపు పడుకోవాలి. ఈ మూడింట్లో ఒక్కటి కుదరకపోయినా పెద్దావిడ ఒకసారి వచ్చి రెండోసారి రానంటుంది. ఆమె రాకపోతే ఇంట్లో సగం మంది రారు.

టాయిలెట్ లేకపోతే ఆడవాళ్ళకు ఇబ్బంది కదా?

ఇబ్బందే. పెద్ద కారవాన్‌ను వదులుకోవడానికి చాలా ఇళ్ళల్లో అడ్డొచ్చేది ఇదే. దీనికి మార్గం పోర్టబుల్ టాయిలెట్, బయట నిలబెట్టుకునే సన్నని డేరా. కింద ఇరవై లీటర్లదాకా పట్టే డబ్బా ఉంటుంది. ఇద్దరు వాడితే రెండు రోజులకు నిండుతుంది. దాన్ని ఇంటి టాయిలెట్లోనో, అడిగి పెట్రోలు బంకు టాయిలెట్లోనో మాత్రమే వంపాలి. కాలవలో, చెరువులో, ఇసుకలో పొయ్యకూడదు. ఆ నీళ్ళతో బతికే మత్స్యకారులు, రొయ్యల రైతులు పక్కనే ఉంటారు. రాత్రిపూట ఉన్నట్టుండి అవసరం పడితే పనికొచ్చేలా డబ్బాను పరుపు కింద అరలో పెట్టుకునే ఏర్పాటున్న క్యాంపర్ దొరికితే దానికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఎసి లేకుండా మన ఎండలకు పడుకోగలమా?

రోహిణి కార్తెలో పడుకోలేరు. అప్పుడు ఇల్లే నయం.

బ్యాటరీ మీద ఎసి నడుపుకోవచ్చనే మాటకు లెక్క చూద్దాం. చిన్న ఇన్వర్టర్ ఎసి సగటున 600 వాట్లు తీసుకుందనుకుంటే ఎనిమిది గంటలకు 4.8 యూనిట్లు. 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ ఒక్కోదాంట్లో ఉండేది 1.28 యూనిట్లు. అంటే ఒక్క రాత్రికే నాలుగు బ్యాటరీలు. వాటిని నింపడానికి 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు ఇచ్చేది సుమారు 0.4 యూనిట్. కాబట్టి పన్నెండు పలకలు కావాలి. చిన్న క్యాంపర్ కప్పు మీద రెండు పడితే గొప్ప.

అదే 12 వోల్టుల ఫ్యాను 20 వాట్లతో రాత్రంతా తిరిగినా ఖర్చయ్యేది 0.16 యూనిట్. కప్పులో గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి, తల దగ్గర చిన్నది ఒకటి, దోమల వల ఉన్న కిటికీలు రెండు ఎదురెదురుగా ఉంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా హాయిగా గడుస్తుంది. ఎసి తప్పదంటే కరెంటు ప్లగ్గు దొరికే చోటే ఆగాలి. ఆ లైనుకు ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా మాత్రం పెట్టొద్దు. మనం పడుకునేది ఇనప చట్రం మీద.

మారితే డబ్బు మిగులుతుందా?

డీజిల్ కొంత మిగులుతుంది, టైర్లు తక్కువ అరుగుతాయి. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. మంచి చిన్న క్యాంపర్లకు గిరాకీ ఉంది, పాత పెద్ద కారవాన్‌లకు లేదు. పైగా చిన్నది కొన్నాక డేరా, ఫ్రిజ్, బ్యాటరీ అని ఒక్కోటీ చేరుతుంది.

## కారు, బరువు

మా కారు ఎంత బరువు లాగగలదో ఎక్కడ చూడాలి?

కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో. ట్రైలర్ గురించి రాసిన చోట బ్రేకులున్న ట్రైలర్‌కు ఒక అంకె, లేనిదానికి ఇంకో అంకె ఉంటాయి. మన దేశంలో అమ్మే చాలా మోడళ్ళకు ఆ అంకె ఇవ్వరు. కొన్నిటికి అసలు లాగొద్దనే రాసి ఉంటుంది. అదే పేరుతో విదేశాల్లో అమ్మే కారుకు 2,500 కిలోలని నెట్‌లో కనిపిస్తే అది మీ కారుకూ వర్తిస్తుందనుకోవద్దు. రేడియేటర్, గేర్‌బాక్స్, వెనక చట్రం వేరుగా ఉండొచ్చు. షోరూమ్‌లో నోటిమాట కాకుండా కాగితం మీద రాయించుకోండి. సేల్స్ కుర్రాడు "ఇది ఏదైనా లాగుద్ది సార్" అంటాడు. వారంటీ దగ్గరికొచ్చేసరికి ఆ మాట నిలబడదు.

85 శాతం లెక్క అని విన్నాం. అదేంటి?

బ్రిటన్‌లో కొత్తగా లాగేవాళ్ళకు క్యాంపింగ్ క్లబ్బులు చెప్పే సలహా అది. సామానుతో సహా ట్రైలర్ బరువు ఖాళీ కారు బరువులో 85 శాతం దాటకూడదు. కారు 1,800 కిలోలయితే ట్రైలర్ 1,530 దాకా అన్నమాట. కారు తయారీదారు చెప్పిన పరిమితి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువదే లెక్క. అది చట్టం కాదు. మన రోడ్ల మీద గేదెలు, రాంగ్ రూటులో వచ్చే ఆటోలు, గుర్తులేని స్పీడు బ్రేకర్లు చూశాక నా మట్టుకు సగం దగ్గరే ఆగమంటాను. చిన్నదానికి మారడంలో అసలు లాభం అక్కడే ఉంది: బ్రేకు వేసినప్పుడు వెనక ఉన్నది కారును తోసుకుంటూ రాదు.

అమ్మేవాళ్ళు 480 కిలోలే అంటున్నారు. నిజంగా అంతేనా?

అది ఖాళీ బరువు. 60 లీటర్ల నీళ్ళు పోస్తే 60 కిలోలు. పెద్ద ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే యాభై కిలోలు దాటుతుంది, అదే పని చేసే లిథియం బ్యాటరీ పన్నెండు కిలోల దగ్గర తూగుతుంది. నిండు గ్యాస్ సిలిండర్, ఫ్రిజ్, డేరా, పరుపులు, గిన్నెలు, కుర్చీలు కలిస్తే ఇంకో వంద సులువుగా ఎక్కుతుంది. 480 అన్నది రోడ్డెక్కేసరికి 680 అవుతుంది. అందుకని ఖాళీ బరువుతో పాటు గరిష్ఠ బరువు ఎంతో అడగండి. ఈ రెండిటి మధ్య తేడాయే మీరు వేసుకోగల సామాను. ఆ తేడా 150 కిలోల లోపుంటే ఆ బండి జోలికి పోవద్దు.

పాత కారవాన్‌లో సామానంతా కొత్తదాంట్లో పడుతుందా?

పడదు, పట్టించాలని చూడొద్దు. పెద్దదాంట్లో అరలున్నాయి కదా అని చేరినవే ఎక్కువ: మిక్సీ, పది మందికి సరిపడా స్టీలు ప్లేట్లు, రెండు రకాల కుక్కర్లు, పోయిన వేసవి ఆవకాయ జాడీ. చిన్నదాంట్లో ఒక కుక్కర్, ఒక కళాయి, మనిషికో పళ్ళెం, గ్లాసు. మసాలా ఇంట్లోనే నూరుకుని డబ్బాలో తెచ్చుకోండి. నీళ్ళు మాత్రం తగ్గించొద్దు, మన ఎండకు మనిషికి రోజుకు తాగడానికే నాలుగు లీటర్లు ఉంచుకోవాలి.

కాటా మీద ఎలా తూయించాలి?

ప్రయాణానికి సర్దినట్టే అన్నీ సర్ది, నీళ్ళు కూడా పోసి తీసుకెళ్ళండి. చీమకుర్తి గ్రానైట్ దారిలోనూ రైస్ మిల్లుల దగ్గరా వేబ్రిడ్జిలు బోలెడు. మధ్యాహ్నం లారీల రద్దీ లేనప్పుడు వెళితే విసుక్కోకుండా తూస్తారు. ముందు ట్రైలర్‌ను విడదీసి మొత్తం కాటా మీద పెట్టండి. తర్వాత కారుకు తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలపండి. మొదటిసారి 680, రెండోసారి 620 వచ్చిందనుకోండి. ఆ 60 కిలోలూ కారు కొక్కెం మీద పడుతున్న బరువు, అంటే నోస్ వెయిట్. 680లో అది దాదాపు 9 శాతం.

యూరప్‌లో 5 నుంచి 7 శాతం, అమెరికాలో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. చిన్న క్యాంపర్‌కు ఏడుకూ పదికీ మధ్య ఉంటే బండి నిలకడగా వస్తుంది. టో బార్ (కారు వెనక కొక్కెం బిగించే కడ్డీ) మీద రాసిన పరిమితి మాత్రం దాటకూడదు. లారీలు తూసే కాటా పదీ ఇరవై కిలోల తేడాను పట్టించుకోదు కాబట్టి నోస్ వెయిట్ కచ్చితంగా కావాలంటే ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద చెక్క ముక్క నిలబెట్టి, దాని మీద కప్లింగును, అంటే కొక్కేనికి తగిలే ట్రైలర్ ముందు కొసను, ఆనించి చూడండి. ట్రైలర్ మట్టంగా ఉండాలి, చక్రాల కింద అడ్డు మర్చిపోవద్దు.

బ్రేకులు లేని ట్రైలర్ తీసుకోవచ్చా?

యూరప్‌లో 750 కిలోల దాకా ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోయినా ఒప్పుకుంటారు. ఒప్పుకుంటారు కదా అని తీసుకోవాలని లేదు. 500 కిలోలు దాటితే బ్రేకులున్నదే చూడండి. ఓవర్‌రన్ బ్రేకు అయితే కారు ఆగినప్పుడు ట్రైలర్ ముందుకు తోసుకొచ్చే ఒత్తిడితోనే కప్లింగ్ లోపలికి నొక్కుకుని దాని బ్రేకులు పడతాయి, కారులో ఏమీ బిగించక్కర్లేదు. ఎలక్ట్రిక్ బ్రేకులకైతే కారులో కంట్రోలర్ కావాలి. ఏ రకమైనా బ్రేక్‌అవే తీగ ఉండాలి. పొరపాటున ట్రైలర్ ఊడిపోతే ఆ తీగ లాగబడి దాని బ్రేకులు వాటంతటవే పడతాయి.

## అమ్మకం, కొనుగోలు, కాగితాలు

పాత పెద్ద కారవాన్‌ను ఎవరు కొంటారు?

తిరిగేవాళ్ళకన్నా నిలబెట్టుకునేవాళ్ళకు అమ్మడం తేలిక. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలాకు గది కావాలనుకునే రైతులు, తోటల యజమానులు, రిసార్టులు అడుగుతారు. కదలకుండా పెట్టుకుంటాం కదా అని కొన్నవాళ్ళు పేరు మార్పించుకోరు. మీరు మాత్రం మార్పించే వదలండి. బండి మీ పేరు మీద ఉన్నంత కాలం ఏం జరిగినా నోటీసు వచ్చేది మీకే.

సెకండ్‌హ్యాండ్ చూడ్డానికి వెళుతున్నాం. ఏమేం చూడాలి?

ముందు వాసన చూడండి. తలుపులన్నీ మూసి ఉంచమని చెప్పి, మీరే తీసి లోపలికి వెళ్ళండి. ముక్కిన వాసనొస్తే ఎక్కడో నీళ్ళు దిగుతున్నాయి. అగరొత్తులు వెలిగించి పెట్టారంటే ఇంకా అనుమానించండి. కిటికీల కింది మూలలు, కప్పు అంచులు, తలుపు పక్క గోడ బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి దిగితే లోపలి చెక్క పుచ్చిపోయినట్టే.

తర్వాత నేల మీద పడుకుని చట్రం చూడండి, ఇది అద్దె మనిషికి వదిలేసే పని కాదు. కొత్త నల్ల రంగు దట్టంగా కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో వెల్డింగుల దగ్గర గీకండి. పెచ్చులుగా తుప్పు రాలితే సముద్రం పక్కన పెరిగిన బండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రైలర్ టైర్లు అరగవు, ఎండకు ముసలివైపోతాయి, నకాషీ నిండుగా ఉన్నా పక్కల్లో సన్నని పగుళ్ళు కనిపిస్తే మార్చాల్సిందే. జాకీ వేసి చక్రం తిప్పండి. గరగర శబ్దం వచ్చినా, పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక కదిలినా బేరింగులు పోయాయి. చివరగా మీ కారుకు తగిలించి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు వెలిగించి చూడండి. ఏడు పిన్నుల ప్లగ్గుకూ పదమూడు పిన్నులదానికీ అడాప్టర్ దొరుకుతుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

బెంగళూరులో కొంటున్నాం. పేరు ఎలా మార్పించుకోవాలి?

అమ్మేవాళ్ళ దగ్గర ఫారం 28 మీద అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ, సంతకాలు పెట్టిన ఫారం 29, ఫారం 30, అసలు ఆర్‌సీ తీసుకోండి. అప్పు మీద కొన్నదైతే ఫారం 35 కూడా. బండి మన రాష్ట్రానికి వచ్చాక 12 నెలలు దాటి ఇక్కడ ఉంచాలంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. పేరు మార్పుకు కొన్నవాళ్ళు 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే ఏపీ39 వరస మొదలైంది కాబట్టి నెల్లూరుకు 26, ప్రకాశానికి 27 అనే పాత లెక్క కొత్త నంబర్లకు ఉండదు. సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ ట్రైలర్‌ను కేంద్రం 2004లో ఇచ్చిన జాబితాలో నాన్-ట్రాన్స్‌పోర్ట్ కింద చేర్చారు. కౌంటర్లో ఎవరైనా ట్రాక్టర్ ట్రక్కు లెక్కలో వేయబోతే ఆ సంగతి చెప్పండి. అద్దెకు తిప్పాలనుకుంటే ఈ లెక్క వర్తించదు.

ఆటోనగర్‌లో ట్రాక్టర్ ట్రక్కులు చేసే షెడ్డులో చవగ్గా చేయించుకుంటే?

పనితనం విషయంలో వాళ్ళకు వంక పెట్టలేం. చిక్కంతా రిజిస్ట్రేషన్ దగ్గర. రోడ్డెక్కే ట్రైలర్‌కు నమూనా ఆమోదం, అంటే ఆ నమూనాను పరీక్షించి ఒప్పుకున్నట్టు కాగితం, కావాలి. షెడ్డు బిల్లు చూపిస్తే నంబరు ఇవ్వరు. నంబరు లేనిదానికి బీమా రాదు. ఆమోదం ఉన్న చట్రం కొనుక్కుని పైన గది కట్టించుకుందామన్నా, తయారీదారు ఇచ్చిన రూపం మారుతుంది కాబట్టి ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. అరలు, వంట గట్టు, పరుపు చెక్కలాంటి లోపలి పని మాత్రం ఇక్కడే చేయించుకోండి, ఆ పనికి మనవాళ్ళను మించినవాళ్ళు లేరు.

లైసెన్సు వేరే కావాలా?

యూరప్‌లో పెద్ద ట్రైలర్లకు విడి తరగతి ఉంది. మన చట్టంలోని లైసెన్సు తరగతుల్లో అలాంటిది లేదు. సొంత కారు వెనక చిన్న క్యాంపర్ లాగడానికి మామూలు కారు లైసెన్సు (ఎల్ఎంవీ) సరిపోతుంది.

బీమా సంగతి?

టో బార్ బిగించిన విషయం, ట్రైలర్ లాగుతున్న విషయం కారు పాలసీ ఇచ్చిన కంపెనీకి ఈమెయిల్‌లో చెప్పి జవాబు దాచుకోండి. ట్రైలర్‌ను పాలసీలో చూపించాలి, విడిగా దాని విలువా రాయించాలి. లోపలి ఫ్రిజ్, బ్యాటరీ, సోలార్ పలకలు ఆ విలువలో ఉన్నాయో లేదో అడగండి, సాధారణంగా చెప్పకపోతే చేర్చరు.

## కట్టుకుని బయల్దేరాక

పెద్దది లాగిన అలవాటుంది. చిన్నది ఇంకా తేలికే కదా?

ముందుకు పోయేటప్పుడు తేలికే. వెనక్కి తీసేటప్పుడే అసలు కష్టం. చక్రాలకూ కొక్కేనికీ మధ్య దూరం ఎక్కువున్న పెద్ద కారవాన్ నింపాదిగా తిరుగుతుంది, సరిదిద్దుకోవడానికి టైమిస్తుంది. చిన్నది స్టీరింగు కాస్త తిప్పగానే కొండిలా మెలి తిరుగుతుంది. పైగా ఎస్‌యూవీ వెనక అది కనపడనే కనపడదు, అద్దంలో కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. వెనక రెండు మూలల్లో సన్నని కర్రలకు ఎర్ర గుడ్డలు కట్టుకోండి, లేదా ట్రైలర్‌కే రివర్స్ కెమెరా పెట్టించండి. ఆదివారం ఖాళీగా ఉన్న కాలేజీ గ్రౌండులో రెండు ప్లాస్టిక్ కుర్చీలు పెట్టి వాటి మధ్యకు తీయడం నేర్చుకోండి. ఎంతకీ కుదరకపోతే విడదీసి చేత్తో తోసెయ్యడమే. చదును నేల మీద 500 కిలోలదాన్ని ఇద్దరు తోస్తారు. పెద్దదాంతో ఆ వెసులుబాటు లేదు.

తగిలించాక ఏం చూసుకుని కదలాలి?

కప్లింగ్ గొళ్ళెం పడ్డాక ముందు చక్రం జాకీని తిప్పి కారు వెనక భాగాన్ని కొంచెం పైకి లేపి చూడండి. కారు కూడా లేస్తే సరిగ్గా పట్టినట్టు. తర్వాత గొలుసులు అడ్డంగా, అంటే ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వెయ్యండి. బ్రేక్‌అవే తీగ, లైట్ల ప్లగ్గు, నాలుగు మూలల జాకీలు పైకి, హ్యాండ్ బ్రేకు కిందికి, గ్యాస్ రెగ్యులేటర్ ఆఫ్, కప్పు గొళ్ళేలు. ఈ పని మొదటి నుంచి చివరి దాకా ఒక్క మనిషే చేయాలి. "నువ్వు చూశావు కదా" అని ఇద్దరూ అనుకున్నప్పుడే ఏదో ఒకటి మిగిలిపోతుంది. కదిలిన మొదటి కిలోమీటరు తర్వాత ఆపి చక్రాల మధ్య భాగం మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉందని అర్థం.

హైవే మీద ట్రైలర్ ఊగడం మొదలైతే ఏం చేయాలి?

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి, స్టీరింగును తిన్నగా పట్టుకోండి, అంతే. గట్టిగా బ్రేకు తొక్కకూడదు, ఊపుకు ఎదురు తిప్పకూడదు, స్పీడు పెంచి లాగేద్దామని అస్సలు అనుకోకూడదు. ఎలక్ట్రిక్ బ్రేకులుంటే కంట్రోలర్ మీద చేత్తో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వెయ్యండి. రాత్రిపూట చెన్నై హైవే మీద ప్రైవేటు బస్సు పక్క నుంచి దూసుకుపోయినప్పుడు ముందు తోపు, వెంటనే లాగుడు తెలుస్తాయి. తేలిక బండికి అది ఇంకా ఎక్కువ. ఊపు మళ్ళీ మళ్ళీ వస్తుంటే కారణం గాలి కాదు, మీ సర్దుడు. వెనక చివర పెట్టిన నీళ్ళ డబ్బాలు, సిలిండర్ తీసి ఇరుసుకు కాస్త ముందుకు మార్చండి.

ఎంత స్పీడులో వెళ్ళొచ్చు?

70 దాటకండి. ఎడమ లైనులో 60 మీద వెళితే లారీవాళ్ళు కూడా హారన్ కొట్టరు.

టోల్ గేట్లో ఇబ్బంది ఉంటుందా?

ఫాస్టాగ్ కారు తరగతిది, గేటు దగ్గర యంత్రం లెక్కపెట్టేది ఇరుసులను. ఈ రెండూ కుదరక టంగుటూరులోనో ముసునూరులోనో కుర్రాడు ఆపి సూపర్‌వైజర్‌ను పిలిచే అవకాశం ఉంది. ఆర్‌సీ కాపీలు రెండూ చేతికందేలా పెట్టుకుని చివరి లైనులోకి వెళ్ళండి. వెనక వంద బండ్లు హారన్ కొట్టే మధ్య లైనులో వాదన పెట్టుకోవద్దు.

దోర్నాల మీదుగా శ్రీశైలం తీసుకెళ్ళొచ్చా?

చిన్నది, బ్రేకులున్నది అయితే వెళ్ళొచ్చు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలు అదే పనిగా ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఘాట్ అంతా పులుల అభయారణ్యం. రాత్రి చెక్‌పోస్టు గేట్లు వేసేస్తారు, మధ్యలో ఆగి వంట చేసుకోవడం, డేరా వేయడం కుదరదు. తెల్లవారాక బయల్దేరి అడవి దాటాకే టీ తాగండి.

## ఆగిన చోట

బీచ్‌లో ఎక్కడ ఆపుకోవాలి?

మైపాడయినా, కొత్తపట్నమయినా, పాకలయినా ఇసుకలోకి బండి దించొద్దు. వెనక బరువుతో కారు చక్రం ఒక్కసారి కూరుకుందంటే ట్రాక్టర్ రావాల్సిందే. రోడ్డు గట్టిగా ఉన్న చోట ఆపి మిగతాది నడవండి. సరుగుడు తోటల నీడ బాగుంటుంది, కానీ ప్రతి తోటకూ ఒక యజమాని ఉంటాడు, అడిగి ఆపుకోండి. పాలెంలో పెద్దవాళ్ళతో ముందు ఒక మాట చెబితే రాత్రి భయం లేకుండా పడుకోవచ్చు. వలలు ఆరబెట్టే చోటూ, పడవలు లాగే దారీ ఖాళీగా ఉన్నట్టు కనిపించినా వదిలేయండి. తెల్లవారుజామున మూడింటికి అక్కడ పని మొదలవుతుంది.

వంట లోపలా, బయటా?

బయటే. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగి నేల మట్టంలో నిలుస్తుంది. సిలిండర్ ఉండే అరకు అడుగున రంధ్రాలు ఉండాలి, పైన కాదు. 14.2 కిలోల ఇంటి సిలిండర్ తీసుకెళ్ళొద్దు. 5 కిలోలది కొన్ని పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతుంది. ప్రమాదం మాట అటుంచి, ఆ చిన్న గదిలో ఒక్కసారి చేపల పులుసు కాచారంటే సంక్రాంతి దాకా పరుపులు చింతపండు, మెంతుల వాసనే.

చల్లగా ఉండే నెలల్లోనే తుఫాన్లు కదా, ఎలా?

నిజమే, మన దగ్గర అదే చిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర హైవే మీదే రాకపోకలు ఆగాయి. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అందుకని డిసెంబరు సగం దాకా తీరం వైపు వెళ్ళేటప్పుడు వాతావరణ శాఖ బులెటిన్ రెండు పూటలా చూడండి. అల్పపీడనం అన్న మాట వినపడగానే పెంచలకోన వైపో ఉదయగిరి వైపో కాదు, ఇంటికి. కొండ దగ్గర వాగులు తీరంకన్నా ముందే పొంగుతాయి. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

## ఇంటికొచ్చాక

ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

తీరం నుంచి వచ్చిన రోజే మంచినీళ్ళతో అడుగు భాగం కడగండి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పవే, వాటితో కడిగి ప్రయోజనం లేదు. చట్రం గాల్వనైజ్ చేసిందయితే చాలాకాలం వస్తుంది. మామూలు ఇనుమయితే ఏటా వానలకు ముందు గీకి, ప్రైమర్ వేసి, రంగు కొట్టించాలి. ప్లగ్గు పిన్నులకు, కప్లింగ్ గొళ్ళేనికి గ్రీజు రాయండి. లైట్లు వెలగకపోవడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం పిన్నుల మీద పట్టిన పచ్చటి చిలుమే.

నెలల తరబడి కదపకపోతే పాడవుతుందా?

కదిపితే పాడవదు. నెలకొకసారి నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తోయండి, టైరు ఒకే చోట నొక్కుకుపోకుండా ఉంటుంది. నేరుగా ఎండ పడే చోటైతే టైర్ల మీద గోనెపట్టా కప్పండి. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచొద్దు, బ్రేకు పట్టేస్తుంది. చక్రాలకు చెక్కలు అడ్డం పెడితే చాలు. బ్యాటరీ తీగ విప్పి పెట్టండి. బేరింగులకు ఏడాదికొకసారి గ్రీజు మార్పించండి. పందికొక్కులు వైర్లు కొరక్కుండా అడుగున పైపులు దూరే రంధ్రాలన్నీ స్టీలు పీచుతో బిగించి, లోపల బియ్యం గింజ కూడా లేకుండా ఊడ్చి, తలుపు మూసే ముందు కప్పు గాలి రంధ్రం ఒకటి తెరిచి ఉంచండి.